అడవి బాటన నడిచిన అవ్వ: ఎమ్మా గేట్‌వుడ్

మొక్కు తీర్చుకోవడానికి కాలినడకన కొండకు వెళ్ళడం మన పల్లెలలో తరతరాలుగా వస్తున్న ఆచారమే. ఏ మొక్కూ లేకుండా, వెంట ఎవరూ లేకుండా, అరవై ఏడేళ్ళ వయస్సులో ఒక స్త్రీ 2,050 మైళ్ళ కొండబాటను ఒంటరిగా నడిచి ముగించిందంటే మాత్రం విన్నవారు ఒక పట్టాన నమ్మరు. 1955లో అమెరికా దేశంలో ఆ పని చేసి చూపిన మహిళ పేరు ఎమ్మా గేట్‌వుడ్. అప్పటికి ఆమె పదకొండు మంది బిడ్డల తల్లి, ఇరవై ముగ్గురు మనుమలు మనుమరాళ్ళకు అవ్వ. భుజాన ఒక గుడ్డ సంచి, కాళ్ళకు కాన్వాస్ బూట్లు, చేతిలో ఒక కర్ర మాత్రమే ఆమె ఆస్తి. అమెరికా ప్రజలు ఆమెను ప్రేమగా గ్రాండ్‌మా గేట్‌వుడ్ అని పిలుచుకున్నారు. అంటే గేట్‌వుడ్ అవ్వ అన్నమాట. ఆ అవ్వ నడక ఎంత గొప్పదో తెలియాలంటే, ఆ నడకకు ముందు ఆమె గడిపిన జీవితం కూడా తెలియాలి.

పదిహేను మందిలో ఒకరు

ఎమ్మా రొవీనా కాల్డ్‌వెల్ 1887 అక్టోబర్ 25న ఒహాయో రాష్ట్రంలోని గాలియా కౌంటీలో జన్మించారు. కౌంటీ అంటే మన జిల్లా వంటిది. గాలియా కౌంటీ సరిహద్దు సీమ. ఒహాయో నదికి ఈ ఒడ్డున ఒహాయో రాష్ట్రం, ఆ ఒడ్డున పశ్చిమ వర్జీనియా రాష్ట్రం ఉంటాయి. ఎమ్మా జీవితంలో పెద్ద భాగం ఆ నదికి రెండు వైపులా ఉన్న గుట్టల నడుమనే గడిచింది.

తండ్రి అమెరికా అంతర్యుద్ధంలో పోరాడి గాయపడిన సైనికుడు. తరువాత వ్యవసాయం చేసినా తాగుడు, జూదం వల్ల ఇల్లు నిలదొక్కుకోలేదు. ఆ దంపతులకు పదిహేను మంది సంతానం. పిల్లలు ఒక్కొక్క మంచం మీద నలుగురేసి పడుకునేవారు. భారమంతా తల్లి మీదనే పడింది. ఆడపిల్లలు చిన్ననాటి నుండే పొలం పనులు, పశువుల పనులు, వంట పనులు నేర్చుకోక తప్పలేదు.

ఎమ్మా బడి చదువు ఎనిమిదవ తరగతితో ఆగిపోయింది. చదువు మీద ఆసక్తి మాత్రం ఆగలేదు. చేతికి దొరికిన విజ్ఞాన సర్వస్వాలను, ప్రాచీన గ్రీకు కావ్యాల అనువాదాలను ఆమె ఓపికగా చదివారు. పుస్తకాలతో పాటు అడవిని కూడా చదువుకున్నారు. ఏ ఆకు తినదగినదో, ఏ వేరు మందుకు పనికి వస్తుందో, ఏ పండు ఏ నెలలో దొరుకుతుందో తెలుసుకున్నారు. అప్పుడు ఇంటి అవసరానికి నేర్చుకున్న ఆ విద్యే అరవై దాటిన వయస్సులో ఆమెకు అన్నం పెట్టింది.

కాపురమనే కారాగారం

1907 మే 5న, పందొమ్మిదేళ్ళ వయస్సులో, ఆమెకు పి.సి. గేట్‌వుడ్‌తో వివాహం జరిగింది. అతడు ఆమె కంటే ఎనిమిదేళ్ళు పెద్దవాడు. కళాశాలలో చదువుకున్నవాడు, ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు, ఊరిలో మర్యాద ఉన్నవాడు. తరువాత ఉద్యోగం వదిలి పొగాకు సాగు చేపట్టాడు. అటువంటి సంబంధం కుదరడం ఆ అమ్మాయి అదృష్టమని చూసినవారు అనుకుని ఉంటారు.

పెళ్ళయిన కొద్ది నెలలకే భర్త చేయి చేసుకోవడం మొదలయింది. అది ఒకనాటితో ముగిసినది కాదు, మూడు దశాబ్దాలకు పైగా సాగింది. ప్రాణం మీదికి వచ్చేటంతగా కొట్టిన సందర్భాలు ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి. ఆ మధ్యకాలంలోనే ఆమె పదకొండు మంది బిడ్డలను కన్నారు, పెంచారు. పొలంలో మగవారితో సమానంగా పని చేశారు. బట్టలు కుట్టారు, సబ్బు కాచారు, శీతకాలానికి కాయగూరలు నిలవ చేశారు. ఇంట్లో నిలవలేని పరిస్థితి వచ్చినప్పుడు ఆమె అడవిలోకి పరుగెత్తేవారు. చెట్ల మధ్యకు చేరితే మనస్సు కుదుటపడేది. జనం భయపడే అడవి ఆమెకు అభయం ఇచ్చింది. అందరికీ నీడనిచ్చే ఇల్లే ఆమెకు భయస్థానమయింది.

ఒకసారి ఆమె కాలిఫోర్నియాలో ఉన్న పుట్టింటివారి వద్దకు వెళ్ళిపోయారు. బిడ్డల మీది మమకారం నిలవనీయక తిరిగి వచ్చారు. మాట వినకపోతే పిచ్చాసుపత్రిలో చేర్పిస్తానని భర్త బెదిరించేవాడు. ఆ కాలంలో అది ఉత్త బెదిరింపు కాదు. భర్త మాట మీద భార్యను అటువంటి చోట పెట్టడం సాధ్యమయ్యే రోజులవి.

1939లో పశ్చిమ వర్జీనియాలో ఉండగా జరిగిన ఘటన ఆ కాపురానికి ముగింపు పలికింది. ఆనాటి దెబ్బలకు ఆమె పళ్ళు విరిగాయి, పక్కటెముక చిట్లింది. తనను రక్షించుకునే ప్రయత్నంలో ఆమె భర్త మీదికి పిండి సంచి విసిరారు. వచ్చిన అధికారి కొట్టిన భర్తను విడిచిపెట్టి, దెబ్బలు తిన్న భార్యను పట్టుకుని వెళ్ళి నిర్బంధంలో ఉంచాడు. వాచిన ముఖంతో ఉన్న ఆమెను ఆ ఊరి మేయర్ చూసి జాలిపడి, విడిపించి, తన ఇంట్లో ఆశ్రయం ఇచ్చాడు. ఎమ్మా న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. విడాకులు దొరకడం అతి కష్టమయిన ఆ రోజులలో, 1941లో, ఆమెకు విముక్తి లభించింది. అప్పటికి ఆమె వయస్సు 53 సంవత్సరాలు. ఇంకా ఎదగవలసిన ముగ్గురు పిల్లలు ఆమె వెంట ఉన్నారు.

ఆ పిల్లలను ఆమె ఒంటి చేతితో పెంచి పెద్ద చేశారు. దొరికిన పనల్లా చేశారు. తీరిక దొరికినప్పుడు పద్యాలు రాసుకున్నారు. 1951 నాటికి చివరి బిడ్డ కూడా ఇల్లు విడిచి తన దారి తాను చూసుకున్నది. నలభై ఏళ్ళకు పైబడిన తరువాత మొదటిసారిగా ఆమె కోసం ఎదురుచూసే పని ఏదీ ఇంట్లో లేకుండా పోయింది.

ఆ బాట కథ

ఆ రోజులలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక 1949 నాటి పాత సంచిక ఒకటి ఆమె చేతికి చిక్కింది. అందులో అపలాచియన్ ట్రయల్ అనే కాలిబాటను గురించి రంగుల బొమ్మలతో ఒక వ్యాసం ఉన్నది.

అమెరికా తూర్పు భాగంలో దక్షిణం నుండి ఉత్తరానికి వ్యాపించిన పర్వతాలను అపలాచియన్ పర్వతాలంటారు. ఆ కొండల శిఖరాల మీదుగా ఒకే కాలిబాట వేయాలన్న ఆలోచనను 1921లో బెంటన్ మెకాయ్ అనే ఆయన ప్రజల ముందుంచాడు. పట్టణాల రొదలో అలసిన మనుషులు అడవిలో నడిచి సేద తీరాలన్నది ఆయన ఉద్దేశం. స్వచ్ఛంద సేవకులు చెట్లు కొట్టి, రాళ్ళు తొలగించి, 1937 నాటికి ఆ బాటను పూర్తి చేశారు. జార్జియా రాష్ట్రంలో మొదలై, 14 రాష్ట్రాల గుండా సాగి, ఉత్తరాన మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ పర్వతం మీద అది ముగుస్తుంది. దారి తప్పకుండా చెట్ల మీద, బండల మీద తెల్ల రంగు గీతలు వేస్తారు. బాట పొడవునా అక్కడక్కడ మూడు పక్కల గోడలు, ఒక పక్క ఖాళీగా ఉండే కొయ్య పాకలు రాత్రి విడిదికి ఉంటాయి.

ఈ మొత్తం బాటను ఒకే విడతలో నడిచినట్లు మొట్టమొదట ప్రకటించినవాడు ఎర్ల్ షాఫర్ అనే యువకుడు. అది 1948లో జరిగింది. 1952లో మిల్డ్రెడ్ నార్మన్ అనే మహిళ ఒక సహచరునితో కలిసి బాట మొత్తం నడిచారు. ఒంటరిగా, ఒక కొస నుండి మరో కొస వరకు, ఒకే విడతలో నడిచిన స్త్రీ మాత్రం అప్పటికి లేదు. ఆ మాట ఎమ్మా మనస్సులో నాటుకున్నది. ఆరోగ్యంగా ఉన్న ఎవరైనా ఈ బాటను నడవవచ్చునన్నట్లుగా ఆ పత్రిక రాసింది. ఆమె ఆ మాటను నమ్మారు.

విఫలమయిన మొదటి అడుగు

1954 జూలైలో, 66 ఏళ్ళ వయస్సులో, ఆమె ఎవరికీ చెప్పకుండా మెయిన్ రాష్ట్రానికి వెళ్ళి ఉత్తరపు కొస నుండి నడక ప్రారంభించారు. కటాడిన్ పరిసరాలలోని అరణ్యం ఆ బాటలో అతి నిర్జనమయిన భాగం. కొద్ది రోజులకే ఆమె దారి తప్పారు. కళ్ళజోడు పగిలిపోయింది. పగిలిన అద్దాన్ని గాయానికి అంటించే పట్టీతో అతికించుకుని చూసుకోవలసి వచ్చింది. తెచ్చుకున్న తిండి అయిపోయింది. చివరకు అటవీ ఉద్యోగులు ఆమెను కనుగొన్నారు. ఈ వయస్సులో ఇది తగదు, ఇంటికి వెళ్ళమని హితవు చెప్పారు. ఆమె వారి మాటకు ఎదురు చెప్పలేదు. ఒహాయోకు తిరిగి వెళ్ళి, జరిగినది ఎవరికీ చెప్పకుండా, తన తప్పులను తానే సరి చూసుకున్నారు. ఉత్తరపు కొస కఠినమయినది కనుక ఈసారి దక్షిణం నుండి మొదలు పెట్టాలని, శరీరం గట్టిపడిన తరువాతనే ఆ కొండలను చేరాలని నిశ్చయించుకున్నారు. రోజూ మైళ్ళ కొద్దీ నడుస్తూ కాళ్ళను సిద్ధం చేసుకున్నారు.

146 రోజుల నడక

1955 మే 3న ఆమె జార్జియాలోని ఓగల్‌థార్ప్ పర్వతం వద్ద అడుగు వేశారు. అప్పట్లో బాటకు దక్షిణపు కొస అదే. కొంచెం నడిచి వస్తానని తప్ప పిల్లలకు ఆమె మరేమీ చెప్పలేదు. ఎక్కడికి, ఎంత దూరం అన్నది వారికి తెలియదు. ముందుగా చెబితే వద్దంటారని ఆమెకు తెలుసు.

ఆమె సామాను గురించి విన్నవారు నేటికీ ఆశ్చర్యపోతారు. గుడారం లేదు, పరుపు సంచి లేదు, దిక్సూచి లేదు, పటం లేదు. ముతక డెనిమ్ గుడ్డతో తానే కుట్టుకున్న సంచి ఒకటి. అందులో ఒక సైనిక కంబళి, ఒక వానకోటు, స్నానాల గదులలో కట్టే ప్లాస్టిక్ తెర ఒకటి, కొన్ని మందులు, మారుబట్టలు. వాన వస్తే ఆ తెరే గొడుగు, నేల తడిగా ఉంటే అదే చాప. సంచి బరువు తొమ్మిది కిలోలకు మించలేదు. తిండికి ఎండు మాంసం, జున్ను, వేరుశనగలు, ఎండుద్రాక్ష, పాలపొడి, చిన్న డబ్బాలలో దొరికే మాంసం ఉండేవి. వాటికి తోడు దారిలో దొరికే అడవి పండ్లు, తినదగిన ఆకులు. ఊరు తగిలినప్పుడు కొనుక్కునేవారు, ఎవరైనా పిలిచి పెడితే తినేవారు.

కాళ్ళకు బరువయిన తోలు బూట్లు కాక, పిల్లలు ఆటలకు వేసుకునే కాన్వాస్ బూట్లు వేసుకున్నారు. రాళ్ళకు అవి త్వరగా అరిగిపోయేవి. గమ్యం చేరేసరికి ఆరేడు జతలు మార్చవలసి వచ్చింది. పాదాలు వాచి, మొదట సరిపోయిన కొలత తరువాత చాలలేదు.

రోజుకు సగటున 14 మైళ్ళు, అంటే దాదాపు 22 కిలోమీటర్లు నడిచారు. పాక దొరికితే అందులో, దొరకకపోతే ఎండుటాకులు పోగు చేసి వాటి మీద నిద్రించారు. చలి ఎక్కువయితే చదునయిన రాళ్ళను మంటలో వేడి చేసి, వాటిని పరచుకుని ఆ వెచ్చదనంతో రాత్రి గడిపారు. కొన్ని రాత్రులు వనభోజనాల బల్లల మీద, కొన్ని రాత్రులు ఎవరి ఇంటి అరుగు మీదనో గడిచాయి. దారిలో గిలక పాములు ఎదురయ్యాయి. గ్రేట్ స్మోకీ పర్వతాలలో బాట 6,643 అడుగుల ఎత్తుకు చేరుతుంది. ఆ మొత్తం బాటలో అంతకంటే ఎత్తయిన చోటు లేదు. అప్పట్లో క్లింగ్‌మన్స్ డోమ్ అనబడిన ఆ శిఖరానికి 2024లో చెరోకీ ఆదివాసుల పురాతన నామమయిన కువోహి తిరిగి లభించింది.

దారి పొడవునా మనుషుల మంచి చెడ్డలు కూడా ఆమె చూశారు. మాసిన బట్టలతో, సంచితో కొండ దిగి వచ్చిన ముసలమ్మను చూసి బిచ్చగత్తె అనుకుని తలుపు వేసుకున్నవారు ఉన్నారు. ముక్కూ ముఖం ఎరుగకపోయినా పిలిచి, వేడినీళ్ళు పెట్టి, భోజనం పెట్టి, మంచం చూపినవారు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. ఆ కొండ పల్లెలలో చాలామందికి తమ ఊరి పక్కగా అంత పొడవయిన బాట పోతున్న సంగతే తెలియదు. ఆమె చెబితేనే తెలిసింది.

పత్రిక చెప్పిన బాట ఆమెకు ఎక్కడా కనబడలేదు. చాలాచోట్ల చెట్లు కూలి దారికి అడ్డంగా పడి ఉన్నాయి. తుప్పలు నడుము ఎత్తున పెరిగాయి. తెల్ల గుర్తులు చెరిగిపోయాయి. కొన్ని పాకలు కాలిపోయాయి, కొన్ని కూలిపోయాయి, మరికొన్ని పరిశుభ్రత లేక పడుకోవడానికి వీలు లేకుండా ఉన్నాయి. ఇంత కష్టమని ముందే తెలిసి ఉంటే బయలుదేరేదాన్నే కానని, బయలుదేరిన తరువాత మాత్రం మానలేకపోయానని ఆమె తరువాతి కాలంలో చెప్పుకున్నారు.

తుపానుల నడుమ

జూన్ నెల చివరికి వర్జీనియా రాష్ట్రంలో ఒక స్థానిక పత్రిక విలేఖరి ఆమె సంగతి తెలుసుకుని రాశాడు. ఆ వార్త ఒక ఊరి నుండి మరో ఊరికి పాకింది. ఆమె పిల్లలకు తల్లి ఎక్కడున్నదీ ఆ వార్తల వల్లనే తెలిసింది. స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ వంటి పెద్ద పత్రిక కూడా ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే, ఈ వయస్సులో ఈ నడక ఎందుకని. ఆమె ఒక్కొక్కరికి ఒక్కొక్క సమాధానం చెప్పారు. కొండ అవతల ఏమున్నదో చూడాలనిపించిందన్నారు, నడవాలనిపించి నడుస్తున్నానన్నారు. భర్త గురించి అడిగితే తాను వితంతువునని చెప్పారు. నిజానికి అప్పటికి అతడు బతికే ఉన్నాడు. ముప్పై నాలుగేళ్ళు పడిన బాధను ఆమె ఏ పత్రికకూ చెప్పలేదు.

ఆగస్టులో కోనీ, డయాన్ అనే రెండు తుపానులు వారం వ్యవధిలో అమెరికా తూర్పు తీరాన్ని తాకాయి. ఒక్క డయాన్ వల్లనే వరదలలో 180 మందికి పైగా మరణించారు. ఆ వానలలో ఎమ్మా ఈశాన్య రాష్ట్రాల కొండలలో నడుస్తున్నారు. బాటలే కాలువలయ్యాయి. దాటగలిగిన వాగులు నదులయ్యాయి. వెర్మాంట్ రాష్ట్రంలో ఒక వాగు వద్ద ఆమె ముందుకు పోలేక ఆగిపోయారు. అదే దారిన వచ్చిన ఇద్దరు యువకులు ఆమెను తమ మధ్య నిలిపి, ముగ్గురినీ కలిపి తాడు కట్టుకుని, ఆ ప్రవాహాన్ని దాటించారు. ఒంటరిగా నడవాలని వచ్చినా, అవసరమయిన చోట సాయం అందుకోవడానికి ఆమె వెనుకాడలేదు.

న్యూ హాంప్‌షైర్‌లోని వైట్ పర్వతాలు, ఆ తరువాత మెయిన్ రాష్ట్రంలోని మహూసక్ నాచ్ అనే బండరాళ్ళ లోయ ఆ బాటలో అతి దుర్గమమయిన భాగాలు. మహూసక్ నాచ్‌లో ఒక్క మైలు దూరం ఇళ్ళంత బండల మీదుగా, కిందుగా పాకుతూ పోవాలి. యువకులకే గంటలు పట్టే ఆ దారిని నాలుగు నెలలుగా నడుస్తున్న వృద్ధురాలు దాటారు. కెన్నెబెక్ నది వద్ద ఆమెను చిన్న పడవలో దాటించారు.

1955 సెప్టెంబర్ 25న ఆమె కటాడిన్ శిఖరం చేరారు. దాని ఎత్తు సుమారు 5,270 అడుగులు. అక్కడి పుస్తకంలో తన పేరు రాశారు. ఆ చలిలో, ఎవరూ వినని ఆ చోట, తన దేశాన్ని కీర్తించే గీతంలోని మొదటి చరణం పాడుకున్నారు. మొత్తం 146 రోజులు పట్టింది. శరీరం పది కిలోలకు పైగా తగ్గింది. 68వ పుట్టినరోజుకు ఇంకా నెల రోజులు మిగిలి ఉన్నది. ఏడాది క్రితం ఇంటికి వెళ్ళమని చెప్పి పంపిన చోటనే ఆమె తన నడక ముగించారు.

ఆగని పాదాలు

న్యూయార్క్‌లో ఆమెను టెలివిజన్ కార్యక్రమానికి పిలిచారు. ఊరూరా సన్మానాలు జరిగాయి. పేరు వచ్చింది కదా అని ఆమె ఇంట్లో కూర్చోలేదు. 1957లో అదే బాటను మరల మొదటి నుండి చివర వరకు నడిచారు. మూడవసారి భాగాలుగా నడిచి 1964లో ముగించారు. అప్పటికి ఆమె వయస్సు డెబ్బై అయిదు దాటింది. స్త్రీలలోనే కాదు, పురుషులలో సైతం ఆ బాటను మూడుసార్లు పూర్తి చేసిన మొదటి వ్యక్తి ఆమె.

ఈ నడుమ 1959లో ఆరెగాన్ రాష్ట్రం ఏర్పడి నూరేళ్ళు నిండాయి. పందొమ్మిదవ శతాబ్దిలో వలస కుటుంబాలు గుర్రపు బండ్లలో, ఎడ్ల బండ్లలో పడమటికి సాగిన దారిని ఆరెగాన్ ట్రయల్ అంటారు. ఆ జ్ఞాపకార్థం ఒక బండ్ల బృందం మిస్సోరి రాష్ట్రం నుండి బయలుదేరింది. ఆ సంగతి విని, 71 ఏళ్ళ ఎమ్మా మిస్సోరిలోని ఇండిపెండెన్స్ పట్టణం నుండి కాలినడకన బయలుదేరారు. ఎండకు ఒక గొడుగు కొనుక్కున్నారు. మైదానాలు, ఎడారి వంటి నేలలు దాటుతూ సుమారు 2,000 మైళ్ళు నడిచి 95 రోజులలో పోర్ట్‌లాండ్ నగరం చేరారు. బండ్ల మీద ముందుగా బయలుదేరినవారు ఆమె తరువాతనే చేరారు. పోర్ట్‌లాండ్ ప్రజలు వేల సంఖ్యలో వచ్చి స్వాగతం పలికారు.

సొంత గడ్డకు చేసిన సేవ

దేశం నలుమూలలా నడిచిన ఎమ్మా తన సొంత రాష్ట్రాన్ని మరువలేదు. ఒహాయో రాష్ట్రాన్ని చుట్టి వచ్చేలా బక్ఐ ట్రయల్ అనే కాలిబాటను వేయడానికి 1959లో ఒక సంఘం ఏర్పడింది. దాని వ్యవస్థాపక సభ్యులలో ఆమె ఒకరు. నేడు ఆ బాట పొడవు 1,400 మైళ్ళకు పైగా ఉన్నది. ఎనభై ఏళ్ళు దాటిన వయస్సులో కూడా ఆమె పనిముట్లు చేతబట్టి, తాను పుట్టిన గాలియా కౌంటీలో తుప్పలు కొట్టి, గుర్తులు వేసి, బాటను తీర్చిదిద్దారు. ఇతరులు వేసిన బాట ఎంత అధ్వానంగా ఉన్నదో అనుభవించిన మనిషి, తరువాత వచ్చేవారి కోసం తానే బాట వేశారు.

హాకింగ్ హిల్స్ అనే గుహల, జలపాతాల ప్రాంతంలో ప్రతి జనవరిలో జరిగే శీతకాలపు సామూహిక నడకకు ఆమె ఎర్ర టోపీ పెట్టుకుని ముందు నడిచేవారు. ఆమె మరణించిన తరువాత కూడా ఆ నడకకు వేలమంది వస్తూనే ఉన్నారు. అక్కడి ఆరు మైళ్ళ బాటకు ఆమె పేరే పెట్టారు.

చివరి ప్రయాణం

85 ఏళ్ళ వయస్సులో, 1973లో, ఆమె బస్సు టికెట్టు కొనుక్కుని దేశమంతా చుట్టి వచ్చారు. ఆ ప్రయాణం ముగిసి ఇల్లు చేరిన కొద్ది కాలానికే, 1973 జూన్ 4న, గుండెపోటుతో కన్నుమూశారు. పుట్టిన గాలియా కౌంటీలోనే ఆమెను సమాధి చేశారు.

ఆమె నడక వల్ల ఏమి మిగిలింది

మొదటిది, బాటకు మేలు జరిగింది. ఆమె ఉన్న లోపాలను ఉన్నట్లు చెప్పడం వల్ల, దేశమంతా ఆమె గురించి చదవడం వల్ల, నిర్లక్ష్యానికి గురి అయిన బాట మీద ప్రజల దృష్టి పడింది. 1968లో అమెరికా ప్రభుత్వం జాతీయ కాలిబాటల చట్టం చేసి అపలాచియన్ ట్రయల్‌కు రక్షణ కల్పించింది. దక్షిణపు కొస 1958లో స్ప్రింగర్ పర్వతానికి మారింది. దారి మార్పుల వల్ల నేడు బాట పొడవు 2,190 మైళ్ళు దాటింది. అప్పట్లో ఆ బాటను పూర్తిగా నడిచినవారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. నేడు ఆ సంఖ్య వేలలో ఉన్నది. వారిలో స్త్రీలు, వృద్ధులు ఎందరో ఉన్నారు. 2012లో అపలాచియన్ ట్రయల్ మ్యూజియం ఆమె పేరును తన గౌరవ పట్టికలో చేర్చింది.

రెండవది, వయస్సును గురించిన ఆలోచన మారింది. పిల్లల పెళ్ళిళ్ళు అయి, మనుమలు పుట్టిన తరువాత స్త్రీకి సొంత కోరికలు ఉండవని, ఉండకూడదని అనుకోవడం ఏ ఒక్క దేశంలోని అలవాటూ కాదు. ఎమ్మా కాలపు అమెరికా పల్లెలలో కూడా అదే ఉండేది. ఆమె ఎవరితోనూ వాదించలేదు. సంచి భుజాన వేసుకుని నడిచారు, అంతే.

మూడవది ఆలస్యంగా తెలిసినది. ఆమె జీవించి ఉండగా పాఠకులు చదివినదంతా హుషారయిన ముసలమ్మ వేడుక కథ మాత్రమే. ఆమె కాపురంలోని దారుణం 2014లో బెన్ మాంట్‌గోమరీ అనే రచయిత ఆమె జీవిత చరిత్ర వెలువరించినప్పుడు లోకానికి విపులంగా తెలిసింది. ఆ సంతానం ఇచ్చిన ఉత్తరాలు, దినచర్య పుస్తకాలు అందుకు ఆధారమయ్యాయి. అవి చదివిన తరువాత ఆ నడక వేరుగా కనబడుతుంది. రాళ్ళ మీద పడుకోగలిగిన ఓర్పు, ఆకలికి తట్టుకున్న శరీరం, చీకటి అడవిలో ఒంటరిగా కళ్ళు మూసుకోగలిగిన ధైర్యం ఆమెకు అరవై ఏడేళ్ళ వయస్సులో ఒక్కసారిగా వచ్చినవి కావు. వాటి వెనుక ముప్పై నాలుగేళ్ళ చరిత్ర ఉన్నది. ఆ ఇంట్లో గడిపిన రాత్రుల కంటే అడవిలో గడిపిన 146 రోజులే ఆమెకు నిర్భయమయినవని చెప్పడం అతిశయోక్తి కాదు.

అందువల్ల ఎమ్మా గేట్‌వుడ్‌ను నడక వీరురాలిగా మెచ్చుకోవడంతోనే ఆగిపోతే సగం కథ మాత్రమే చెప్పినట్లవుతుంది. దెబ్బలు తిన్న ఇల్లాలిని నేరస్థురాలిగా చూసిన ఊరూ ఉన్నది, ఆమెను గుర్తించి ఆశ్రయమిచ్చిన ఒక మేయర్ కూడా అదే ఊరిలో ఉన్నాడు. ఆ ఒక్క తలుపు తెరుచుకోకపోయి ఉంటే తరువాతి నడక లేదు, బాట లేదు, ఆ పేరూ లేదు. ప్రతి పల్లెలో ఇటువంటి ఎమ్మాలు ఉంటారు. వారికి పర్వతాలు ఎక్కవలసిన అవసరం లేకపోవచ్చు. అవసరమయిన రాత్రి తెరుచుకునే ఒక తలుపు మాత్రం తప్పక ఉండాలి.